చెక్కుబంది

పుత్తూరు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందర
రేకుల పంచన కూర్చోని
ముప్పై రెండేండ్లుగా ఊర్ల హద్దులు రాస్తా ఉండాను.
నా ఊరివి ఎప్పుడూ రాయలా.

నిన్న పొద్దున కండ్రిగ నుంచి కుప్పమ్మత్త వచ్చింది.
కొంగుముడిలో పాసుబుక్కు,
సంచిలో నాకని నాలుగు గుప్పిళ్ల అనపకాయలు.
"మూడు సెంట్లు రాసియ్యి నాయనా, దోవకు."
ఎవురి పేరున రాయాల అత్తా?
"దోవ పేరునే."

ఈతమాకుల కండ్రిగ, ముప్పై ఏడిండ్లు,
పెద్దకనుమ గ్రామ లెక్క దాఖలా.
అంటే మాకంటూ ఒక లెక్క లేదు,
పెద్దకనుమ లెక్కలో ఓ మూల మేము.
మా తాత పుట్టినప్పుడు ఉత్తరార్కాడు జిల్లా, కార్వేటినగరం జమీను.
మా నాయన శిస్తు కట్టింది పుత్తూరు తాలూకాలో;
ఫిర్కా పేరు ఉండే కాడ రసీదును చెదలు తినేసినాయి.
నేను కలం పట్టేసరికి మండలం.
మొన్న జిల్లాను కోసినప్పుడు
వంకకు ఇవతల తిరుపతి, అవతల చిత్తూరు.
ఈతమాకుల్ని మాత్రం ఎవరూ మార్చలేదు,
అవి ఎప్పుడో కొట్టేసినారు.

వాన కొలిచే గిన్నె మండలాఫీసు మిద్దె మీద ఉంటుంది.
తొమ్మిది మైళ్లు.
ఆ ఏడు గిన్నెలో కురిసింది, మా శెనిక్కాయల మీద కురవలా.
అవతలిది కరువు మండలమన్నారు. మాది కాదన్నారు.
చెవికి పసుపు బిళ్ల ఏసుకున్న కుప్పమ్మ ఆవు
ఇవతల మేసి, అవతల నీళ్లు తాగి,
పాలకేంద్రంలో ఎప్పుడూ వచ్చే వెన్నశాతమే ఇచ్చింది.

శ్మశానం వంకవతల.
మా ఊర్లో చచ్చినోడు జిల్లా దాటాల.
పోయిన కార్తీకంలో ఏకాంబరం మామ పాడె
చెంగల్రాయుడి ముళ్లకంచె కాడ ఆగిపోయింది.
నలుగురు మోకాటిలోతు బురదలో, మోసేవోళ్లు భుజం మార్చుకుంటా.
ఇవతల సర్పంచి ఫోనులో, దోవ వాళ్లది అన్నాడు.
అవతలాయన, పీనుగ మాది కాదు గదా అన్నాడు.
చీకటిపడేదాకా కుప్పమ్మ కంచె పట్టుకోని నిలబడింది.
చేతికి గుచ్చుకున్న ముల్లు
పదోరోజు కర్మానికి గాని తీసుకోలా.

సరే, రాసినా.
దాన సెటిల్మెంటు దస్తావేజు. ఎ. 0-03 సెంట్లకు చెక్కుబంది:
తూర్పు, చెంగల్రాయుడి చెరుకు.
దక్షిణం, మునస్వామి తోతాపురి మామిడి
(ధర లేక కోయకుండానే రాల్చేసినాడు, అది దస్తావేజులో పట్టదు).
పడమర, దాత సొంత కయ్య.
ఉత్తరం కాడ కలం నిలిచిపోయింది.

ఉత్తరాన మండలం గీత ఉండాల గదత్తా,
సర్వేరు పాతిన రాయేదీ?
"ఆ రాయా? వరదకు దొర్లుకోనొచ్చింది నాయనా.
మా వాకిట్లో ఉంది. గుడ్డలు ఉతుకుతా ఉండా."

లోపల గుమాస్తా అద్దాలు పైకి నెట్టి అడిగినాడు:
దానం పుచ్చుకునేది ఏ పంచాయతీ?
"పాడె మోసేవోళ్లు సామీ."
వాళ్ల ఆధార్లు కావాలన్నాడు.
కుప్పమ్మ నవ్వింది, ముందు పండ్లు రెండు లేవు.
చచ్చిందాని పాడె ఎవురు మోస్తారో
ముందుగా యాడ తెలుస్తుంది అనింది.
కాగితం నా చేతికే తిరిగొచ్చింది.

వేలిముద్ర సిరా వేలికే ఉండంగా
నాలుగు గంటల బస్సుకు ఎళ్లిపోయింది.
దస్తావేజు నా సొరుగులో ఉంది, ఉత్తరం ఖాళీగా.
రాత్రి అనపకాయలు ఒలుస్తా
దాన్ని రెండుసార్లు తీసి చూసినా.

ఈ పొద్దు పాలవ్యాను అబ్బోడు కబురు తెచ్చినాడు.
తెల్లారేలోపల పార పట్టుకోని
గట్టు తెంచి దోవ ఏసేసిందంట ముసిల్ది.
మూడు సెంట్లకన్నా రవంత ఎక్కువేనంట.
ఉత్తరాన ఎందాకా తవ్విందిరా? అన్నా.
వాడు వ్యాను స్టార్టు చేస్తా
"కనపడలేదు సార్, మంచు" అన్నాడు.